బాపుతో ఆరు రోజులు: గోదావరిఖని నుంచి పావగడ దాకా

మా బాపు సింగరేణిల 34 ఏండ్లు పనిజేసిండు. మొదట బదిలీ మీద బొగ్గు నింపే ఫిల్లర్, తర్వాత పర్మినెంట్ కోల్ ఫిల్లర్, ఆఖర్ల నడుము సహకరించక గని బయట సర్ఫేస్ మీద జనరల్ మజ్దూర్. రిటైరై చానా ఏండ్లైంది గానీ పొద్దున ఐదు కొట్టంగనే లేస్తడు, మొదటి షిఫ్ట్ పోవాలన్నట్టే. పోయినేడు ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినం, పీఎం సూర్యఘర్ స్కీంల 78 వేల సబ్సిడీ కూడా అకౌంట్ల పడ్డది. అప్పటిసంది బాపుకు ఒకటే ముచ్చట, ఇంటి మీద మూడు కిలోవాట్లు సరేరా, దేశమంత నడిపే సోలార్ ఎట్లుంటదో ఒకసారి సూపెట్టు అని. జులైల నాకు లీవు దొరికింది, అవ్వను చెల్లె దగ్గర దింపి ఇద్దరం కార్ల బయల్దేరినం.

మొదటి రోజు: రామగుండం, హైదరాబాద్

దూరం పోకముందు ఇంటి పక్కదే చూద్దామని రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ కాడికి పోయినం. తెలిసినాయన ఒకరు అనుమతి ఇప్పించిండు. ఇక్కడ నీళ్ళ మీద తేలే సోలార్ 100 మెగావాట్లు ఉన్నది, 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తున్నది. 500 ఎకరాల నీళ్ళ మీద 40 బ్లాకులు, ఒక్కో బ్లాకుల 11,200 ప్యానెళ్ళు. కింద ప్లాస్టిక్ ఫ్లోటర్లు, ఇన్వర్టర్లు ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ళ మీదనే తేలుతుంటయి, కొట్టుకపోకుండ రిజర్వాయర్ అడుగుల బరువులేసి కట్టిండ్రు. నీడ వల్ల నీళ్ళు ఆవిరైపోవుడు తగ్గుతది, నీళ్ళ వల్ల ప్యానెల్ చల్లగుంటది, చల్లగుంటే కరెంటు కొంచెం ఎక్కువిస్తది. ఎవరి భూమీ పోలే.

అక్కడ నిలవడితే కళ్ళకు రెండూ ఒక్కసారే కనవడ్తయి, ముంగట నల్లటి ప్యానెళ్ళ వరుసలు, వెనక 2,600 మెగావాట్ల పాత థర్మల్ ప్లాంటు చిమ్నీలు, ఆ పక్కనే కొత్తగ కట్టిన 1,600 మెగావాట్ల తెలంగాణ ప్లాంటు. చిమ్నీల నీడ నీళ్ళల్ల వడి ప్యానెళ్ళ అంచు దాకా వచ్చింది. ఇదే మన దేశం కథ అంతా అనిపించింది నాకు, ఒక చేత్తో సోలార్ పరుస్తున్నం, ఇంకో చేత్తో బొగ్గు ప్లాంటు కడుతున్నం, రెండూ ఒక్క కంపౌండ్‌లనే.

బాపు అవేం చూస్తలేడు. "ఈడ ఎంతమంది పనిజేస్తర్రా?" అన్నడు. ఒక చిన్న పడవ మీద ఇద్దరు కనవడ్డరు, ఒడ్డు మీద ఇంకో నలుగురు. "ఆరుగురు," అని తనే లెక్కేసుకున్నడు. ఆ లెక్క తర్వాత ఐదు రోజులూ ఆగలే.

రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ చేరేసరికి సాయంత్రమైంది. రాత్రి మా బామ్మర్ది ఇంట్ల అన్నం తినుకుంట దేశం లెక్క మాట్లాడినం. 2021 నవంబర్ల గ్లాస్గో వాతావరణ మీటింగ్‌ల మన ప్రధాని, 2030 కల్ల బొగ్గు, గ్యాస్ లాంటివి కాని కరెంటు కెపాసిటీ 500 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), 2070 కల్ల నెట్ జీరో, అంటే గాలిలకు వదిలేదీ గాలిల నుంచి తీసేదీ సమానం, అని చెప్పిండు. 2022 ఆగస్టుల ఐక్యరాజ్యసమితికి రాసిచ్చిన దాంట్ల ఏముందంటే, 2005తో పోలిస్తే జీడీపీలో ఒక్కో రూపాయి సంపాదనకు అయ్యే ఉద్గారాలు 2030 కల్ల 45 శాతం తగ్గిస్తం, కరెంటు కెపాసిటీల సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కానిది ఉంటది అని. ఆ సగం 2025 జూన్‌కే వచ్చేసింది, మొత్తం 484 గిగావాట్ల కెపాసిటీల 242 గిగావాట్లు సోలార్, గాలి, నీళ్ళు, అణు కరెంటువి. ఐదేండ్ల ముందే.

నేను గర్వంగ చెప్తుంటే బాపు మధ్యల ఆపిండు, "సగం అయితే మరి మన ఓపెన్‌కాస్ట్ గనుల (ఓసీల) బొగ్గు అంతా యాడికి పోతున్నదిరా, లారీలు తగ్గలే, రైళ్ళు తగ్గలే" అని. అప్పుడు చెప్పిన, బాపూ కెపాసిటీ అంటే మస్టర్ల, హాజరు పుస్తకంల, పేరున్నోళ్ళ లెక్క, తయారైన కరెంటంటే షిఫ్ట్ అయినంక నిండిన బొగ్గు టబ్బుల లెక్క. సోలార్‌ది మస్టర్ల పేరు పెద్దగనే ఉంటది గానీ రాత్రి డ్యూటీకి రాదు, మబ్బు పడితే రాదు. టబ్బుల లెక్క చూస్తే దేశంల 70 శాతం అటూఇటూ కరెంటు ఇంకా బొగ్గుదే. బాపుకు వెంటనే ఎక్కింది. "అట్లనా, అయితే పేర్లు రాసుడు అయింది, పని మొదలు గావాలె" అన్నడు.

రెండో రోజు: కర్నూలు, ఓర్వకల్లు, గని

పొద్దున ఆరింటికి 44వ నంబర్ హైవే ఎక్కినం. కర్నూలుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నం, బాపుకు ఎంత నచ్చిందంటే ఇంకో ప్లేటు పార్సిల్ కట్టించుకున్నడు. అక్కడి నుంచి నంద్యాల రోడ్డుల ఓర్వకల్లు దాటి లోపలికి తిరిగితే శకునాల, గని. ఊరి పేరే గని, బాపు బోర్డు చూసి నవ్విండు, "ఈడ గూడ గనేనా" అని.

ఇక్కడ కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్, 1,000 మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాలు. 2017ల పూర్తిగా నడిచినప్పుడు ఒక్క చోట ఇంత పెద్దది ప్రపంచంలనే లేదని చెప్పుకున్నరు. నాకు ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తది. 2015 నవంబర్ల ఈ పార్కు కోసం ఎన్టీపీసీ పిలిచిన వేలంల యూనిట్ 4 రూపాయల 63 పైసలకు ఒక కంపెనీ పాడింది, అందరూ నోరెళ్ళబెట్టిండ్రు. 2017 ఏప్రిల్‌ల పక్కనున్న కడప పార్కుకు 3.15, తర్వాత నెలల రాజస్థాన్ భడ్లాల 2.44. రెండేండ్లు గూడ నిండలే, రేటు సగానికి వచ్చింది. దేశం మారుడంటే నాయకులు ఉపన్యాసాలిచ్చుడు కాదు, ఈ పైసలు తగ్గుడే. కరెంటు కొనేటోళ్ళకు బొగ్గు కంటే ఎండ చౌక అయిన రోజే ఆట మారింది. 2010ల జాతీయ సోలార్ మిషన్ పెట్టినప్పుడు 2022 కల్ల 20 గిగావాట్లు చాలు అనుకున్నరు, 2015ల దాన్ని 100 చేసిండ్రు. 2022 అయిపోయేసరికి 60 దాటింది అంతే, చెప్పిన మాట అందలే, అయినా 2014 మొదట్ల మూడు గిగావాట్లు గూడ లేని దేశం 2025 జూన్‌కే 110 దాటింది.

ఫెన్సింగ్ బయటి నుంచే చూసినం. ఎర్ర నేల, రాళ్ళు, వరుసలు వరుసలుగ అద్దాలు, ఎక్కడా మనిషి లేడు. గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గేటు కాడ సెక్యూరిటీ ఇద్దరు. బాపు చానాసేపు ఫెన్సింగ్ వైర్ పట్టుకొని నిలవడ్డడు. "మా బొగ్గు బాయి గిట్లుండేదా, షిఫ్ట్ మారంగ చూడాలె, తిర్నాలలెక్క ఉండేది" అన్నడు. రాత్రి నంద్యాలల లాడ్జి.

మూడో రోజు: పిన్నాపురం, తాడిపత్రి

పాణ్యం దగ్గర పిన్నాపురం. ఇది నాకు ఈ ట్రిప్పుల అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైన విషయం, చూడనిచ్చింది తక్కువే, దూరం నుంచి కట్ట కనవడ్తది అంతే, కానీ ఆలోచన ఎంత మంచిదో చెప్తా. గుట్ట మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం సోలార్ దండిగ వచ్చి కొనేటోడు లేనప్పుడు ఆ కరెంటుతో కింది నీళ్ళు పైకి తోడుతరు. సాయంత్రం ఏడింటికి అందరూ లైట్లు, ఏసీలు, పొయ్యిలు వేసినప్పుడు పై నీళ్ళు కిందికి వదిలి అదే మిషన్ల మీద కరెంటు తీస్తరు. 1,680 మెగావాట్లు. గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నీళ్ళు నింపుకుంటే చాలు, తర్వాత ఆవిరైనంత మటుకే తెచ్చుకోవాలె, అవే నీళ్ళు కిందికీ మీదికీ తిరుగుతుంటయి. మన శ్రీశైలం ఎడమగట్టుల గూడ 150 మెగావాట్ల రివర్సిబుల్ మిషన్లు ఆరున్నయి, కొత్త విద్య ఏం కాదు ఇది.

బాపు అడిగిండు, "పైకి ఎక్కియ్యనీకి కరెంటు గావాలె, మళ్ళ కిందికి ఇడిస్తే అంతే వస్తదా?" రాదు బాపూ, వంద పెడితే 75, 80 వస్తయి. కొంచెంసేపు ఆలోచించిండు. "ఇరవై పోతే పోయిందిలే. మా బాయిల పంపులు రాత్రింబవళ్ళు ఊట నీళ్ళు పైకి తోడుడే గని ఎన్నడన్న ఒక్క యూనిట్ వాపస్ ఇచ్చినయా?" ఇంజనీర్లకు చెప్పాలనిపించింది ఈ మాట. రాత్రి డ్యూటీకి రాని సోలార్‌ను రాత్రి డ్యూటీకి తెచ్చేది ఇదొకటి, బ్యాటరీలు ఇంకొకటి. ఇవి గట్టిగ నిలవడకపోతే ఎన్ని గిగావాట్ల ప్యానెళ్ళు పరిచినా చీకటి పడంగనే మళ్ళ రామగుండం చిమ్నీల దిక్కే చూడాలె. 2024 మే 30న దేశం మొత్తం డిమాండ్ 250 గిగావాట్లు ముట్టింది, అది మధ్యాహ్నం ఎండల కాబట్టి సోలార్ ఆదుకున్నది. రాత్రిపూట ఉడికిపోతున్నప్పుడు ఎవరు ఆదుకుంటరు? ఎండలు ముదిరిన కొద్దీ రాత్రి ఏసీలు పెరుగుతయి, ఆ కరెంటు బొగ్గుదైతే ఎండలు ఇంకా ముదురుతయి. ఈ సుడిగుండం నుంచి బయటపడే దారి ఆ గుట్ట మీది చెరువుల ఉన్నదని నేను గట్టిగ నమ్ముతున్న.

బనగానపల్లె, తాడిపత్రి మీదుగ అనంతపురం. దారంతా బండల లారీలు, మధ్య మధ్య గుట్టల మీద గాలిమరలు. దార్ల ఒక గాలిమర రెక్క తీసుకపోతున్న ట్రైలర్ వెనకాల ముప్పావు గంట ఇరుక్కుపోయినం. అంత పొడుగు రెక్కను మలుపు తిప్పుతుంటే ఒకాయన వెనక టైర్ల కాడ నడుచుకుంట చెయ్యి ఊపుతున్నడు. బాపు దిగిపోయి ఆయనతోటి మాట్లాడి వచ్చిండు. బీహార్ అబ్బాయట. "ఐదుగురు" అన్నడు వచ్చి కూసొని.

నాలుగో రోజు: రామగిరి

చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగితే రామగిరి. ఉమ్మడి రాష్ట్రంల గాలిమరలు మొట్టమొదట నిలవడ్డ చోట్లల్ల ఇదొకటి, 90లల్ల పెట్టినయి. ఇప్పటి మిషన్లు ఒక్కోటి రెండు మూడు మెగావాట్లుంటే ఇవి 250 కిలోవాట్లు అటూఇటూ, పొట్టిగ ఉంటయి. కొన్ని తిరుగుతున్నయి, కొన్ని రెక్కలు తుప్పు మరకలతోటి ఆగిపోయి ఉన్నయి. గుట్ట మీదికి ఎక్కితే గాలి మనిషిని నిలవడనిస్తలేదు, బాపు తువ్వాల తలకు గట్టిగ చుట్టుకున్నడు.

గొర్లు కాసే పెద్దాయన ఒకాయన కలిసిండు. "ఆషాడంలో సూడాల సామీ, గాలి తోలితే గొర్రెపిల్లలు గూడా ఎగిరిపోతాయి" అన్నడు. బాపు ఆయనకు బీడీ ఇచ్చి పక్కన కూసున్నడు. అప్పుడు తెల్సింది, ఈ గాలిమరల కిందనే పాత బంగారు గనులున్నయి. ఇంగ్లీషోళ్ళ కాలంల తవ్విండ్రు, తర్వాత కోలార్ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ తవ్వింది, 2001ల ఆ కంపెనీయే మూతపడ్డది. పెద్దాయన వాళ్ళ నాయన ఆ గనిల పనిజేసినోడు. "గని ఉన్నప్పుడు సంతలో నిలబడేకి జాగా ఉండేది కాదు. గాలిమరలొచ్చినాయి, సంత మాత్రం రాలేదు" అన్నడు.

బాపు లేచి పాత గని దిక్కు చూసుకుంట నిలవడ్డడు. నాకు తెల్సు ఏం ఆలోచిస్తున్నడో. సింగరేణిల 90ల మొదట్ల లక్షా పదివేల మందికి పైగ పనిజేసేటోళ్ళు, ఇప్పుడు 40 వేలు అటూఇటూ. కానీ 2023-24ల తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు, అప్పటికంటే చానా ఎక్కువ. "సోలార్ వచ్చి మా పనులు పోలేదురా, ఓసీలు మిషన్లు వచ్చినప్పుడే పోయినయి. నా బొగ్గు నింపే తట్టా చెమ్మస్ ఎప్పుడో పాయె" అన్నడు మెల్లగ. ఈ మాట నేను ఎక్కడా చదవలే. బొగ్గును వదులుకుంటే కార్మికులు రోడ్డున పడ్తరని చెప్పేటోళ్ళు బొగ్గు ఉన్నప్పుడే ఎంతమంది బయటికొచ్చిండ్రో చెప్పరు. అయితే రామగిరి సంత గతి గోదావరిఖనికి రావొద్దంటే, బొగ్గు అయిపోయినంక కాదు, ఉన్నప్పుడే ఆ ఊరికి ఇంకో పని తేవాలె. సింగరేణి సొంతంగ 200 మెగావాట్లకు పైగ సోలార్ పెట్టింది, సంతోషమే, కానీ దాంట్ల మస్టర్ ఎంత?

పాత మిషన్ల సంగతి గూడ చెప్పాలె. గాలి బాగ వచ్చే మంచి జాగాలన్నీ ఈ పొట్టివాటి కిందనే ఇరుక్కున్నయి. వీటిని పీకి పెద్దవి పెట్టనీకి 2016ల కేంద్రం ఒక పాలసీ తెచ్చింది, 2023ల మార్చింది. ఆ గుట్ట మీద ఆగిపోయిన రెక్కల కింద నిలవడి చూస్తే అది ఎంత తొందరగ కావాలో తెలుస్తది.

సాయంత్రం పెనుకొండ, రొద్దం మీదుగ పావగడ. రొద్దం దాటినంక రాష్ట్రం మారింది, బోర్డులు కన్నడం అయినయి, మాటలు మాత్రం తెలుగే. కర్ణాటకల తుమకూరు జిల్లా ఇది, మూడు దిక్కులా ఆంధ్రనే. శనిమహాత్మ గుడి దగ్గర రూం తీసుకున్నం, రాగిముద్ద, పులుసు తిన్నం.

ఐదో రోజు: తిరుమణి

నాలుగున్నరకే బాపు లేపిండు. పావగడ సోలార్ పార్కు ఉన్న తిరుమణి చేరేసరికి ఇంకా ఎండ ఎక్కలే.

పావగడ పార్కు 2,050 మెగావాట్లు, 13,000 ఎకరాలు, ఐదు ఊర్లు. ఇక్కడ భూమి కొనలే, కౌలుకు తీసుకున్నరు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతోటి మొదలు, రెండేండ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏండ్లు. రైతు పేరు మీదనే పట్టా ఉంటది. కరువు నేల ఇది, బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు, చెనిక్కాయ వేస్తే వాన రాదు. టీ కొట్టు కాడ కలిసిన రైతు ఆరెకరాలిచ్చిండట. "ఈ చేన్లలో ఏ యేడూ ఇంత మిగల్లేదు సార్, పిల్లోన్ని బెంగళూరులో సదివించుకుంటిని" అన్నడు. ఆయన మొకంల నిజంగ సంతోషం ఉన్నది. ఈయన లాంటి కొంతమంది రైతులకు ఊరు వదిలి బెంగళూరు పోయే బాధ తప్పింది. భూమి లాక్కోకుండ కౌలుకు తీసుకునుడు దేశమంత చెయ్యాల్సిన పద్ధతి అని నాకనిపించింది.

కానీ ఆ టీ కొట్టు కాడనే ఇంకోవైపు కూసున్నోళ్ళకు భూమి లేదు. వాళ్ళు ఆరెకరాలాయన చేన్ల కూలికి పోయేటోళ్ళు. చేను పోయింది, కౌలు ఆయనకొచ్చింది, వీళ్ళ కూలి ఎటు పోయింది? గొర్లోళ్ళకు మేత జాగా పోయింది. కౌలు కాయితంల వీళ్ళ పేరు లేదు.

రోడ్డు పక్క బ్లాకుల ప్యానెళ్ళు కడుగుతున్నరు. సూపర్‌వైజర్‌ను అడిగితే దగ్గరికి రానిచ్చిండు. ఒక ట్రాక్టర్ ట్యాంకరు, పైపు, పొడుగు కర్రకు మెత్తటి బ్రష్. ముగ్గురు ఆడోళ్ళు, ఒక మొగాయన. ఒకామె నీళ్ళు కొడుతుంటే వెనకామె కర్రతోటి పైనుంచి కిందికి ఒక్క ఊపుల లాగుతది, ఎర్రమన్ను నీళ్ళు అంచుల పొంటి కారి కిందున్న గడ్డి మీద పడ్తున్నయి. బాపు ఒక కడగని ప్యానెల్ మీద వేలు పెట్టి గీసిండు, వేలు మీద సన్నటి దుమ్ము. కడిగినదాని మీద గూడ మూలకు తెల్లటి చారలు.

"ఇదేంది బిడ్డా, కడిగినా పోలే?" అన్నడు.

"ఉప్పునీళ్ళ మరక తాతా. ఆరకముందే గుంజేయల్ల. ఎండెక్కినాక కడగకూడదు, అద్దం కాలిపోతా ఉంటాది, సన్నీళ్ళు పడితే పగుల్తాది. అందుకే తెల్లారేలోపలే సగం అయిపోవల్ల."

"ఎంతమంది ఉన్నరు మీరు?"

"ఈ బ్లాకుకు నలుగురం. మా ఊర్లో అడిగేటోళ్ళు శానామంది. అందరికీ యాడుంటాది. వాన పడితే మాకు పనుండదు, దేవుడే కడుగుతాడు."

కాంట్రాక్టు పనే, నెలంతా ఉండదు. బాపు వాళ్ళ చెప్పులు చూసిండు, గ్లౌజులు ఉన్నయా చూసిండు, కరెంటు తీగల కాడ తడి చేతులతోటి ఎట్ల అని అడిగిండు. బాయిల దిగేటప్పుడు టోపీ, లైటు, బూట్లు చూసుకున్నోని కళ్ళు అవి. తర్వాత ప్యానెల్ కింద వంగి స్టిక్కర్ చదవమన్నడు నన్ను. బయటి దేశందే. ఒకప్పుడు ఎక్కువ అట్లనే వచ్చేటివి. 2021ల ఇక్కడ తయారు చేసేటోళ్ళకు ప్రోత్సాహకాల స్కీం పెట్టిండ్రు, 2022 ఏప్రిల్‌ల బయటి ప్యానెళ్ళ మీద 40 శాతం కస్టమ్స్ సుంకం వేసిండ్రు, ఇప్పుడు మన దగ్గర ఫ్యాక్టరీలు బాగనే పెరిగినయి. నా ఆలోచన అప్పుడే అక్కడే గట్టిపడ్డది. ఎండను కరెంటు చేసుడుల మనుషులు తక్కువే పడ్తరు, అది దాని గుణం. మనుషులు పట్టేది ప్యానెల్ తయారీల, రిపేరుల, ఇండ్ల మీద ఫిట్టింగుల, కరెంటు దాచే దగ్గర. మరి ఆ ఫ్యాక్టరీలు పోర్టుల పక్కన, నగరాల పక్కనే ఎందుకుండాలె? గోదావరిఖనిల, మందమర్రిల, ఇల్లందుల పెట్టాలె. తిరుమణి పిల్లలకు ఐటీఐల ఇన్వర్టర్ రిపేరు నేర్పాలె. ఉద్గారాలు ఎన్ని టన్నులు తగ్గినయో ప్రతి ప్లాంటు బోర్డు మీద రాస్తరు, ఎంతమంది ఆ ఊరోళ్ళకు పని వచ్చిందో గూడ అదే బోర్డు మీద రాయాలె.

ఎనిమిదిన్నరకు ఎండ చురుక్కుమన్నది, వాళ్ళు పైపు చుట్టేసిండ్రు. మేం ఊర్ల తిరిగి, పావగడ కోట గుట్ట కింద కూసొని, రూంకు వచ్చి పడుకున్నం. ఆ రోజు ఇంకేం చూడలే.

ఆరో రోజు: ఇంటికి

పొద్దున ఐదింటికి బయల్దేరినం, దాదాపు 700 కిలోమీటర్లు. కర్నూలుల మళ్ళ ఉగ్గాని. బాపు దారంతా సగం నిద్ర, సగం మాటలు. ఇంటి మీది ప్యానెళ్ళు మనం పదకొండింటికి కడుగుతున్నం కదరా, తప్పు, ఇగ నుంచి ఐదింటికే కడుగుత అన్నడు. హైదరాబాద్ ట్రాఫిక్‌ల రెండు గంటలు పోయినయి. పెద్దపల్లి దాటంగనే టార్పాలిన్ కప్పిన బొగ్గు లారీలు వరుసగ ఎదురొచ్చినయి, గాలిల ఆ వాసన, చిన్నప్పటిసంది ముక్కుకు అలవాటైనది.

రాత్రి పదిన్నరకు గోదావరిఖని చౌరస్తా. నైట్ షిఫ్ట్ పోయేటోళ్ళు బండ్ల మీద, చేతుల టిఫిన్ డబ్బాలతోటి. బాపు కారు ఆపమన్నడు. అద్దం దించి చూసుకుంట కూసున్నడు.

"ఎంతమంది బాపూ?" అన్న.

"ఆగు, ఇంకా వస్తున్నరు."